వెనుకబడినవారి కోసం వెనక్కి వచ్చే దేవుడు

బుచ్చయ్యపేట అప్పటికి ఇంకా విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరింది. ఆ ఏడు వానలు తెరిపిచ్చిన అక్టోబరులో మేము పద్నాలుగు మందిమి కొండమీది ఒక చిన్న పల్లెలో జరిగే ప్రార్థన కూడికకు బయలుదేరాము. వడ్డాది మీదుగా మాడుగుల దాకా బస్సులో వెళ్లాము. మాడుగుల నుంచి పాడేరుకు ఘాట్ రోడ్డు ఉంది కానీ మేము చేరవలసిన పల్లెకు ఆ రోడ్డు వెళ్లదు. కొండ మొదట్లో ఆటో దిగి కాలిబాట పట్టాలి. దారి చూపడానికి ఆ పల్లె నుంచే ఒక పెద్దాయన వచ్చాడు. భుజాన కత్తి, చేతిలో కర్ర, కాళ్లకు చెప్పులు కూడా లేవు.

మాలో ఎక్కువమంది యువకులే. చెరకు తోటల మధ్య, చదునైన నేల మీద పెరిగినవాళ్లు. వాళ్లకు అదొక విహారయాత్ర. మాతోపాటు రిటైరైన మాస్టారు ఒకరున్నారు. మోకాళ్ల నొప్పులున్నా, "ఆ పల్లెవాళ్లను చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను, నన్నూ రానివ్వండి" అని పట్టుబట్టి వచ్చారు.

అడవి చిక్కనైంది. మద్ది, వేగిస, పనస చెట్లు. కొన్నిటి మొదళ్లు ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందనంత లావు. రెండు గెడ్డలు దాటాము. జలగలు పాదాలకు పట్టుకుంటే ఉప్పు రాసి వదిలించుకున్నాము. రెండో గెడ్డ దాటాక ఒక పల్లం వచ్చింది. ఊటనీరు ఊరి ఊరి నేలంతా ఊబిలా మారిన చోటు. పైన పచ్చని గడ్డి, కింద మోకాలి లోతు బురద. పెద్దాయన కర్రతో పొడిచి చూస్తూ, గట్టినేల ఎక్కడుందో చూపించి మమ్మల్ని దాటించాడు. ముందు నడిచేవాళ్లం హుషారుగా దాటేశాము. అవతలి గట్టు ఎక్కగానే ఎవరో పాట అందుకున్నారు. అందరం గొంతు కలిపాము. అడవి మారుమోగింది.

పాట పాడుతూనే చాలా దూరం నడిచాము. ఒకచోట ఆగి మంచినీళ్లు తాగుతుంటే పెద్దాయన మా ముఖాలు ఒక్కొక్కటే చూసి, "మాస్టారు గోరేరి బాబూ?" అని అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆయన మరి మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు. మేమూ పరుగెత్తాము.

మాస్టారు ఊబి మధ్యలో ఉన్నారు. గట్టినేల తప్పి అడుగు వేశారట. ఒక కాలు తొడదాకా దిగిపోయింది. కాలు లాక్కోబోయి రెండో కాలూ దిగబడింది. యువకులు చేతులు పట్టుకుని లాగబోతే పెద్దాయన కేకేశాడు: "లాగకండి! కాలు ఇరిగిపోద్ది." కొమ్మలు నరికి బురద మీద పరిచాడు. వాటి మీద బోర్లా పడుకుని తన తువ్వాలును మాస్టారి చంకల కిందుగా చుట్టాడు. కాళ్ల చుట్టూ బురదను చేతులతో తోడుతూ, మెల్లమెల్లగా పైకి తెచ్చాడు. అరగంట పట్టింది.

గట్టుమీద కూర్చుని ఊపిరి తీసుకున్నాక మాస్టారు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. "చాలాసేపు పిలిచానయ్యా. మీ పాట నాకు వినబడుతూనే ఉంది. నా కేకే మీకు వినబడలేదు" అన్నారంతే. ఆ మాట ఇన్నేళ్లయినా మమ్మల్ని వదలలేదు. మేము పాడుతున్నది దేవుని స్తుతి పాట. ఆ పాట చప్పుడులోనే మా సహోదరుని కేక మునిగిపోయింది!

తిరిగి నడక మొదలుపెట్టేటప్పుడు పెద్దాయన ముందు నడవలేదు. "ఇక్కడ్నించి తోవ నేరుగానే ఉంది బాబూ, ఎవులైనా ఎల్లిపోతారు. ఎనకాల ఉన్నోల్లకే మనిసి కావాల. నాను ఎనకాల వస్తాను" అన్నాడు.

ఆ రాత్రి కూడికలో ప్రసంగించవలసినది మేమే. సిద్ధపడి తెచ్చుకున్న వాక్యం పక్కన పెట్టి నిర్గమకాండం తెరిచాము. ఎర్రసముద్రం ఎదుట ఇశ్రాయేలీయులు చిక్కుకుపోయిన ఘట్టం. వెనుక ఫరో రథాలు తరుముకొస్తున్నాయి. అంతదాకా వాళ్లకు ముందుగా నడిచిన దేవదూత అప్పుడు వారి వెనుకకు వెళ్లాడు. మేఘస్తంభం కూడా ముందునుంచి కదిలి వెనుక నిలిచింది (నిర్గమ 14:19). దారి చూపే దేవుడే వెనుక కాపు కాసే దేవుడయ్యాడు! ఎన్నోసార్లు చదివిన ఈ మాట ఆ రోజు మా కాళ్ల బురద ఆరకముందే కొత్తగా అర్థమైంది. శతాబ్దాల తర్వాత యెషయా ప్రవక్త కూడా దీన్నే చెప్పాడు: తన ప్రజలకు ముందు నడిచేది ఆయనే, వెనుక కావలి కాసేదీ ఆయనే (యెషయా 52:12).

అరణ్య ప్రయాణంలో దేవుడు ఏర్పాటు చేసిన వరుసను గమనించండి. సంఖ్యాకాండం రెండో అధ్యాయంలోని లెక్క ప్రకారం నాలుగు పాళెములలో యూదా పాళెము పెద్దది. అందులో 1,86,400 మంది. అది ముందు నడవాలి. దాని తర్వాత పెద్దది దాను పాళెము, 1,57,600 మంది. అది అన్నిటికంటే వెనుక నడవాలి (సంఖ్యా 10:25). బలమంతా ముందే పెట్టి వెనుకను గాలికి వదిలెయ్యలేదు దేవుడు. ఎందుకంటే ఆపద ఎప్పుడూ ఎదుటినుంచే రాదు. అమాలేకీయులు చేసింది గుర్తుందా? వాళ్లు ఇశ్రాయేలీయుల మీద పడింది ముందునుంచి కాదు. అలసిపోయి వెనుక ఈడ్చుకుంటూ వస్తున్న బలహీనుల మీద పడ్డారు (ద్వితీ 25:17, 18). సాతాను పద్ధతి నేటికీ అదే. సంఘంలో ముందు వరుసలో కూర్చుని చేతులెత్తి స్తుతించేవాడి జోలికి వాడు వెంటనే పోడు. నాలుగు ఆదివారాలుగా కనబడని వాడెవడో వెతుక్కుంటూ వెళతాడు. మనకంటే ముందుగా వాడే వెళుతున్నాడన్నది మన సిగ్గు!

యాకోబును చూడండి. ఏశావు, కలిసి ప్రయాణమవుదాం రమ్మన్నాడు. నాలుగు వందలమంది మనుషులతో వచ్చిన అన్న వేగం అది. యాకోబు వినయంగా కాదన్నాడు. పిల్లలు పసివాళ్లు, మందలో పాలిచ్చే గొర్రెలు, పశువులు ఉన్నాయి, ఒక్క రోజు తొందరపెట్టి తోలితే మంద చచ్చిపోతుంది, కాబట్టి వాటి నడకకు తగ్గట్టు మెల్లగా వస్తానన్నాడు (ఆది 33:13, 14). పుట్టేటప్పుడే అన్న మడమ పట్టుకున్నవాడు, యబ్బోకు రేవు దాటి కుంటుతూ నడిచే రోజు వచ్చాక పసిపిల్లల నడక నేర్చుకున్నాడు. తాను కుంటినవాడికే కుంటేవాడి నడక తెలుస్తుంది.

ఊబిలో పడినవాణ్ని పైకి తీసే పద్ధతి కూడా బైబిల్లో ఉంది. యిర్మీయాను బురద గోతిలో దింపినప్పుడు కూషీయుడైన ఎబెద్మెలెకు ముప్పైమందిని వెంటబెట్టుకుని వెళ్లాడు. తాళ్లు మాత్రమే తీసుకుపోలేదు. ఖజానా కిందినుంచి పాత చిరిగిన బట్టలు ఏరి పట్టుకెళ్లాడు. తాడు ఒరుసుకోకుండా వాటిని చంకల కింద పెట్టుకొమ్మని యిర్మీయాకు చెప్పి, అప్పుడు లాగాడు (యిర్మీయా 38:10-13). పడినవాణ్ని లేపాలన్న ఉత్సాహం మనలో చాలామందికి ఉంది. తాళ్లూ ఉన్నాయి. లేనివి ఆ మెత్తని గుడ్డలే. నలుగురి ఎదుట నిలదీసి, తప్పు ఒప్పించి, ఒక్క గుంజు గుంజాలని చూస్తాం. కాలు విరుగుతుంది. ఆ తర్వాత అతడు జీవితంలో గుడి గడప తొక్కడు.

అడవులూ ఊబినేలలూ మన కొండల్లోనే కాదు, లోకమంతా ఉన్నాయి. ఫిన్లండ్ దేశంలో, రష్యా సరిహద్దు దగ్గర 'కార్హున్‌కియెర్రోస్' అనే కాలిబాట ఉంది. ఎలుగుబంటి చుట్టుదారి అని ఆ పేరుకు అర్థం. పొడవు సుమారు 82 కిలోమీటర్లు. 1956లో ఏర్పాటైన ఔలంకా జాతీయ పార్కులో ముదురు అడవుల మధ్యగా, బురద నేలల మీదుగా అది సాగుతుంది. ఊబి వచ్చిన చోటల్లా చెక్కపలకలు పరిచి ఉంటాయి. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో చెక్క బాట మీద నడిచినవారికి ఆ సుఖం తెలుసు. కాలి కింద బురద ఉంటుంది, కానీ మనం దిగబడము. ఎవరో మనకంటే ముందు ఆ బురదలోకి దిగి, నడుము వంచి, మోకులు పాతి, పలకలు వేసి వెళ్లారు.

ఆ దేశపు అడవుల్లో బాటసారులు ఉచితంగా తలదాచుకోవడానికి చిన్న చిన్న గుడిసెలు ఉంటాయి. వాటికి తాళాలుండవు. వెళ్లేటప్పుడు తర్వాత వచ్చేవారి కోసం కట్టెలు కొట్టి లోపల పెట్టి వెళ్లడం మర్యాద. ఇంకొక ఆచారం మరీ ముచ్చటైనది. ఆ గుడిసెలో ఎక్కువ హక్కు అందరికంటే చివర వచ్చినవాడిది! ముందొచ్చి విశ్రాంతి తీసుకున్నవారు లేచి, తడిసి అలసి వచ్చిన ఆ చివరి మనిషికి చోటివ్వాలి. ద్రాక్షతోటలో చివరి గంటలో వచ్చిన కూలివాడికి కూడా అంతే జీతమిచ్చిన యజమాని ఉపమానం (మత్తయి 20) మనకు కంఠతా వచ్చు. కానీ కొత్తగా గుడికి వచ్చినవాడికి మన కుర్చీ ఖాళీ చేసి ఇవ్వడానికి మనసొప్పదు.

మన నేల మీద మన కోసం పలకలు వేసినవారిని తలచుకుందాం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి సాయంతో సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ కన్నుమూశారు. 1810లో డిగ్రాంజెస్ కూడా వెళ్లిపోయారు. తాము అనువదించినది అచ్చులో చూసుకునే భాగ్యం ఇద్దరికీ లేదు. వారి తర్వాత ఎడ్వర్డ్ ప్రిచెట్ ఆ పని అందుకోగా, 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. వెనుక వచ్చే మనకోసం కట్టెలు కొట్టిపెట్టి, చలి కాచుకోకుండానే వెళ్లిపోయారు వారు. మరి మన వెనుక వచ్చేవారికోసం మనం ఏమి పెట్టి వెళుతున్నాము?

ప్రియ పాఠకులారా, మన సంఘాలు ఇవాళ బాగా ముందుకు వెళుతున్నాయి. మందిరాలు పెద్దవయ్యాయి, మైకులు పెద్దవయ్యాయి, పాటలు పెరిగాయి. మంచిదే. కానీ ఆదివారం కానుకల లెక్క తేలకుండా ఏ సంఘమూ తలుపు వేయదు. రానివారి లెక్క తీసే సంఘాలు ఎన్ని? భర్త పోయాక ఎవరి ముఖమూ చూడలేక ఇంట్లోనే ఉండిపోయిన సహోదరి ఉంది. చెరకు సొమ్ము సమయానికి చేతికి రాక, అప్పులవాడికి ఎదురుపడలేక గుడికి రాని రైతు ఉన్నాడు. పనికోసం పట్నం వెళ్లి, అక్కడ ఏ సంఘంలోనూ కుదురుకోని కుర్రవాడు ఉన్నాడు. మోకాళ్లు మొరాయించి మెట్లు ఎక్కలేని ముసలితల్లి ఉంది. వీళ్లంతా మనల్ని పిలుస్తూనే ఉన్నారు. మన పాట వాళ్లకు వినబడుతోంది. వాళ్ల కేక మనకు వినబడుతోందా?

ఇంకా వెనుక, కొండల మీద, మనం ఒక రోజు నడిచి గొప్పగా చెప్పుకునే కాలిబాటే బతుకుబాట అయినవారు ఉన్నారు. నొప్పులు మొదలైన తల్లిని డోలీ కట్టి మోసుకొస్తూ గెడ్డ దాటుతున్న ఫోటోలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాము. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం 'అడవి తల్లి బాట' పేరుతో గిరిజన గ్రామాలకు రోడ్ల పనులు మొదలుపెట్టింది. ఆ రోడ్లు త్వరగా పూర్తి కావాలని ప్రార్థిద్దాం, అధికారులను అడుగుదాం. అంతదాకా ఆ డోలీకి భుజం ఇవ్వడం కూడా సువార్తే.

యాయీరు ఇంటికి వెళుతున్న దారిలో యేసు ఎంత తొందరలో ఉన్నాడో! అక్కడ చిన్నపిల్ల చావుబతుకుల్లో ఉంది. అయినా జనసమూహంలో వెనుకనుంచి వచ్చి వస్త్రం తాకిన స్త్రీ కోసం ఆయన ఆగాడు, వెనక్కి తిరిగాడు, ఆమె ఎవరో చూడాలని చుట్టూ వెతికాడు (మార్కు 5:27-32). ఆలస్యమైంది. కానీ ఆ ఆలస్యం వల్ల ఎవరూ నష్టపోలేదు. వెనుక ఉన్న స్త్రీ బాగుపడింది, ముందు ఉన్న పిల్ల బతికింది.

మర్నాడు ఉదయం కొండ దిగేటప్పుడు మాస్టారిని ముందు నడవమన్నాము. ఆయన వేగమే మా అందరి వేగమయింది. ఊబి దగ్గరకొచ్చేసరికి రాత్రే పల్లెవాళ్లు కాబోలు, మేము పరిచిన కొమ్మల పక్కన రెండు కొత్త దుంగలు అడ్డంగా వేసి ఉన్నాయి. కిందికి చేరడానికి ఎక్కేటప్పటికంటే గంటన్నర ఎక్కువ పట్టింది. ఆటో వెళ్లిపోయింది. మాడుగుల దాకా నడిచాము. పద్నాలుగు మందిమి వెళ్లాము, పద్నాలుగు మందిమీ తిరిగి వచ్చాము.

పరలోకానికి మనం ఎంత వేగంగా నడిచామని ప్రభువు అడగడు. వెంట ఉన్నవారేరి అని అడుగుతాడు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఒక్కసారి వెనక్కి తిరిగి చూద్దాం. ఎవరు లేరో లెక్క పెడదాం. లేనివారి ఇంటివైపు ఒక అడుగు వేద్దాం. ఆ దారిలో ప్రభువు అప్పటికే మనకంటే ముందుగా వెళ్లి ఉంటాడు.