తొందరపెట్టకండి

మా మస్జిదులో ఓ పెద్దాయన సజ్దా నుండి లేవడానికి చాలాసేపు తీసుకునేవారు. ముఖాన చిరునవ్వూ కనిపించేది కాదు. అశ్రద్ధ అనుకుని మేము మందలించాము. అది పార్కిన్సన్స్ వ్యాధి అని తరువాత తెలిసింది. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

మధ్యమెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే నల్లరంగు కణాలున్నాయి. అవి క్షీణిస్తే కదలికలు మందగిస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి, చేయి వణుకుతుంది, ముఖకవళికలు తగ్గుతాయి. ఆ లోటును కొంత తీర్చే లెవోడోపాను దూలగొండి గింజల నుండి 1937లోనే మద్రాసు పరిశోధకులు వేరుచేశారు. అయితే ఆ గింజలను సొంతంగా వాడరాదు. మందును, మోతాదును వైద్యుడే నిర్ణయించాలి.

1933లో మన విశాఖ రేవు ప్రారంభమైంది ప్రధానంగా మాంగనీసు ఖనిజం ఎగుమతికే. మాంగనీసు ధూళిని ఏళ్ల తరబడి పీల్చినవారిలోనూ ఇలాంటి లక్షణాలు కనిపించవచ్చు. కానీ అది వేరే జబ్బు; లెవోడోపా దానికి అంతగా పనిచేయదు. కనుక రేవులోనో, ఉక్కు కర్మాగారంలోనో పనిచేసినవారు ఆ సంగతిని న్యూరాలజిస్టుకు తప్పక చెప్పాలి.

నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయవచ్చని దైవప్రవక్త (స) అనుమతించారు. ధర్మం ఇచ్చిన ఆ సౌలభ్యాన్ని మన తొందరపాటుతో పెద్దలకు దూరం చేయరాదు.