ముహూర్తానికి మొలవాల్సిన జుట్టు

ఆడపిల్లకి రంగు, ఎత్తు, పళ్ళవరస లెక్కపెట్టే రోజులు ఇంకా పోనేలేదు. మగపిల్లాడి నెత్తిమీద వెంట్రుకలు లెక్కపెట్టే రోజులు కూడా వచ్చేశాయి. "పోనీలే, ఇన్నాళ్ళకి సమానత్వం వచ్చింది" అని నవ్వేవాళ్ళున్నారు. నాకు నవ్వు రావడం లేదు. ఈ లెక్క సరిపెట్టడానికి పాతికేళ్ళు నిండని పిల్లల్ని మనమే తీసుకెళ్ళి ఆపరేషన్ బల్లమీద పడుకోబెడుతున్నాం.

జుట్టు నాటించుకోవడం తప్పని నేను అనను. పెద్దవాళ్ళు పళ్ళు కట్టించుకుంటే అనని మాట, కుర్రవాడు జుట్టు నాటించుకుంటే ఎందుకంటాను? పెళ్ళి తేదీ చూసుకుని నాటించడం మాత్రం తప్పు. అది పిల్లాడి నలభై ఏళ్ళ తలని ఒక్కరోజు ఫోటోకి తాకట్టు పెట్టడం.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ అంటే కొత్త జుట్టు పుట్టించడం అనుకుంటారు చాలామంది. కాదు. తల వెనకా పక్కలా ఉన్న జుట్టుని కుదుళ్ళతో సహా తీసి ముందు పెడతారు. బట్టతల తెచ్చే హార్మోను ఆ కుదుళ్ళని పెద్దగా ఏమీ చెయ్యదు. ఎక్కడ పెట్టినా వాటి గుణం వాటితోనే ఉంటుందని నార్మన్ ఓరెంట్రైక్ అనే అమెరికా డాక్టరు 1959లోనే రాశాడు. మా ఊరి వాళ్ళకైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు: నారుమడిలోంచి తీసి పొలంలో నాటడం. తేడా అల్లా ఏమిటంటే, వరికి ఏటా నారు పోసుకోవచ్చు. తలకి నారు పోసేది ఒక్కసారే. తీసిన కుదురు చోట మళ్ళీ కుదురు రాదు.

ఇంటి పద్దు రాసే అలవాటున్న దాన్ని కాబట్టి లెక్క వేస్తాను. బాగా ముదిరిన బట్టతల దాదాపు 200 చదరపు సెంటీమీటర్లుంటుంది. నిండుగా ఉన్న తలలో ఒక్కో చదరపు సెంటీమీటరుకి 70, 80 కుదుళ్ళుంటాయి. అంటే మునుపటిలా నిండాలంటే 14 వేలకి తక్కువ కాదు. వెనకభాగం బోసిపోకుండా తీయగలిగేవి, చాలామందికి, జీవితం మొత్తానికి ఆరువేల చుట్టుపక్కల. పొదుపుగా పంచితే సెంటీమీటరుకి 30 వస్తాయి, పలచగానైనా తల కప్పుతుంది. అదే 24 ఏళ్ళవాడికి సినిమా హీరోలా నుదుటిమీదికి దించి ఒత్తుగా నాటితే, ముందుభాగానికే రెండున్నర మూడువేలు తినేస్తుంది. సగం నారు అయిపోయింది. బట్టతలేమో ఇంకా మొదటి అంకంలోనే ఉంది.

అసలు తిరకాసు ఇక్కడే. నాటినది నిలుస్తుంది, దాని వెనకున్న సొంతజుట్టు ఊడుతూనే ఉంటుంది. డాక్టర్లు వాడే నార్వుడ్ కొలతలో ఏడు మెట్లున్నాయి. ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగుతారో 24 ఏళ్ళప్పుడు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. నలభై వచ్చేసరికి నుదుటిమీద ఒక గట్టు, దాని వెనక ఎండిన చెరువు మిగిలితే అప్పుడు నాటడానికి నారేదీ? పోనీ గుండు కొట్టించుకుందామన్నా, తోలు పట్టీగా కోసి తీసినవాళ్ళకి తల వెనక అడ్డంగా గీత, ఒక్కొక్కటిగా తీసినవాళ్ళకి తెల్లచుక్కలు బయటపడతాయి. తిరుమలలో తలనీలాలిచ్చే జాతి మనది. ఆ మాట ఎవరైనా ముందు చెబుతున్నారా?

మా తోడికోడలు కొడుక్కి ఈ మధ్య ఇదే చర్చ. ఫోన్లో ఒక క్లినిక్కు అమ్మాయి "మూడువేల గ్రాఫ్టులు, పండగ ఆఫర్" అని చెప్పిందట. వాళ్ళ నాన్నకి ఎన్నో ఏట జుట్టు పోయిందని మాత్రం అడగలేదు. నేను అడిగితే, "ఇది మేనమామ పోలికలే" అంది మా అక్క. అన్నిటికీ మేనమామే దొరుకుతాడు! ఇది తల్లివైపు నుంచీ వస్తుంది, తండ్రివైపు నుంచీ వస్తుంది. పిల్లాడు మాత్రం సూటిగా అడిగాడు: "పిన్నీ, నాలుగు సంబంధాలు ఫోటో చూసే వెనక్కిపోయాయి. నలభై ఏళ్ళ సంగతి నలభై వచ్చాక చూసుకోవచ్చు కదా?"

వాడి బాధ నిజం, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ నలభైకి దాచుకోవాల్సిన నారు ఇవాళ అవగొడితే, అప్పుడు చూసుకోవడానికి ఏమీ ఉండదు. పైగా ముహూర్తమనే గడువు కూడా అబద్ధమే. నాటిన వెంట్రుకలు మొదటి వారాల్లో చాలావరకు రాలిపోతాయి. మూడు నాలుగు నెలలకి మళ్ళీ మొదలై, నిండుగా కనిపించడానికి ఏడాది పడుతుంది. రెండు నెలల ముందు చేయించుకున్నవాడు పీటలమీద ఉన్నదానికంటే పలచగా కూర్చుంటాడు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది. ఉన్న జుట్టు నిలవాలని ఫినాస్టరైడ్ మాత్ర ఇస్తారు. జుట్టుకోసం దీన్ని 1997లో అమెరికాలో అనుమతించారు. చాలామందికి పనిచేస్తుంది. ఆపితే ఏడాదిలోపు ఆ లాభం పోతుంది. కొద్దిమందికి దాంపత్యంలో ఇబ్బందులు తెస్తుంది. గర్భిణులు విరిగిన మాత్రని ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డకి ప్రమాదం. మరి ఆ మాత్రని బీరువాలో దాచుకునే పెళ్ళికొడుకు, "ఈ సంగతి అమ్మాయి వాళ్ళకి చెప్పకండి" అనే అత్తగారు ఎవర్ని మోసం చేస్తున్నట్టు? బట్టతల దాచడం చిన్న అబద్ధమే కావచ్చు. మందు దాచడం చిన్నది కాదు.

డిగ్రీలో ఏనుగు లక్ష్మణకవి భర్తృహరి పద్యాలు చదువుకున్నవాళ్ళకి ఆ బట్టతలవాడు గుర్తుండే ఉంటాడు. ఎండకి తాళలేక తాటిచెట్టు నీడకి పోతే పండు నెత్తిన పడింది. కవి దాన్ని విధి అన్నాడు. మన పిల్లల విషయంలో విధిని అనడానికి లేదు, చెట్టుకిందికి తోస్తున్నది మనమే.

చేయించుకోవాలనే ఉంటే చేయించుకోనివ్వండి. ముందు ఏడాదైనా మందు వాడి చూడనివ్వండి. ఊడడం ఒక దారికి వచ్చేదాకా ఆగనివ్వండి. వర్క్‌షాపుల్లోనూ యూట్యూబులోనూ చూసి నేర్చుకున్నది ఈ పనికి చాలదని జాతీయ వైద్య కమిషనే 2022లో చెప్పింది కనుక, చేసే డాక్టరు చదువేమిటో అడగండి. "యాభై ఏళ్ళప్పటికి నాకు ఎన్ని మిగులుస్తారు?" అని పిల్లాడి చేత అడిగించండి. దానికి జవాబు చెప్పలేని చోటునుంచి లేచి వచ్చేయండి.

ఇక ఆడపిల్లల తల్లులకి ఒక్క మాట. నేనూ ఆడపిల్ల తల్లినే. మన పిల్లని రంగు చూసి వద్దంటే మనకెంత మండుతుందో తెలుసు కదా. ఆ మంట గుర్తుపెట్టుకుని, ఈసారి అబ్బాయి ఫోటో వచ్చినప్పుడు నుదుటి కింద ఉన్న ముఖం కూడా చూద్దాం.