గృహవ్యవహారములు: పాతకారు కొనునపుడు ఏ యింజను?

మహాభారతమున నలోపాఖ్యానము చదివిన సోదరీమణులకు బాహుకుడు గుఱ్ఱముల నెన్నుకొన్న ఘట్టము జ్ఞప్తికి రాకమానదు. ఒక్క దినములో విదర్భకు చేరవలసియుండగా అతడు బక్కచిక్కిన గుఱ్ఱములను దెచ్చి రథమునకు గట్టెను. ఇవి మనలను మోయగలవా యని ఋతుపర్ణుడు శంకించెను. చూపునకు బలిసిన గుఱ్ఱము వేఱు, దూరము పోగల గుఱ్ఱము వేఱు. ఆ భేదమును నలు డెఱుగును, రాజెఱుగడు.

ఇప్పుడు మా యింట నట్టి శంకయే పుట్టినది. హైదరాబాదున ఉద్యోగము చేయుచున్న మా మఱది రెండేండ్లు కూడబెట్టిన సొమ్ముతో పాతకారు కొనదలచినాడు. అతని చేతనున్నది అయిదు లక్షలు. మా చిన్న ఆడుబిడ్డ నర్సింగు చదువునకు వచ్చు జూన్‌లో కట్టవలసిన ఫీజును ఆ సంచిలోనిదే. అతని మనసు మాత్రము వడిగల రెండు వాకిళ్ళ కూపే మీద నున్నది. అట్టివి మన దేశమున అమ్మిన కంపెనీలు కొలదియే. ఆడి టీటీ వంటివి పాతబడినను మన ధరకు లొంగవు, ఒకవేళ లొంగినను వెనుక సీటున అత్తగారిని కూర్చుండబెట్టుట యెట్లు? అందుచేత అతడు దిగివచ్చి పోలో జీటీ యని స్థిరపడినాడు. నాలుగు వాకిళ్ళు గలిగియు పరుగునకు పేరుపడిన చిన్నకారది.

పోలో మన దేశమునకు 2010లో వచ్చినది. పూనాకు చేరువనున్న చాకనులో తయారై, 2022లో నిలిచిపోయినది. జీటీ యను పేరుతో 2013లో రెండు విధములు వెలువడినవి. ఒకటి టీఎస్ఐ: 1197 సీసీ పెట్రోలు ఇంజను, టర్బో గలది, తనంతట గేర్లు మార్చుకొను ఏడుగేర్ల డీఎస్జీ పెట్టెతో వచ్చినది. రెండవది టీడీఐ: డీజిలు, చేతిగేర్లు. ఇది మొదట 1.6 లీటర్లదిగా నుండి, 2014 నుండి 1.5 లీటర్లదైనది. వింతయేమనగా రెంటికిని హార్సుపవరు 105 మాత్రమే. అయినను టార్కు పెట్రోలునకు 175 న్యూటన్‌మీటర్లు, డీజిలునకు 250. టార్కనగా బరువును కదలించు బలము; హార్సుపవరనగా ఆ బలము ఎంత వడిగా పనిచేయునో తెలుపు లెక్క. వడ్లబస్తాల బండిని బురదలోనుండి లాగు ఎద్దునకు మొదటిది కావలయును. అయిదుగురు కూర్చుండి, ఏసీ వేసికొని, లారీని దాటబోవు కారునకును అదియే కావలయును. 2020లో డీజిలు నిలిచి, 1.0 లీటరు టీఎస్ఐ వచ్చినది. అది మంచిదే కాని కొత్తది గనుక వెల యెక్కువ. మా అయిదు లక్షలలో దానిని తలపెట్టుట లేదు.

ఇంక కాపురపు లెక్క చూతము. మఱది నెలకు రెండుమార్లు పెద్దవూరకు వచ్చిపోవును. రానుపోను మూడువందల కిలోమీటర్లకు కొంచెము తక్కువ. పట్టణపు తిరుగుడుతో గలిపి ఏటికి 8,000 కిలోమీటర్లనుకొందము. లీటరునకు పెట్రోలు కారు 13, డీజిలు కారు 18 కిలోమీటర్లు పోవునని పట్టుకొని, 2025లో హైదరాబాదున నుండిన ధరలను, అనగా పెట్రోలు 107, డీజిలు 95 రూపాయలను వేసి చూచితిమి. పెట్రోలు ఖర్చు సుమారు 65,800, డీజిలు ఖర్చు 42,200; ఏటికి 23,600 మిగులును. డీజిలు కారు వెల అఱువదివేలు ఎక్కువైనను రెండున్నర యేండ్లలో తిరిగి వచ్చును. ఇదే లెక్క 3,000 కిలోమీటర్లకు వేసిన, ఆ అఱువదివేలు తీరుటకు దాదాపు ఏడేండ్లు పట్టును. అంగడికిని బడికిని మాత్రమే బండి తీయు సోదరీమణులు డీజిలు జోలికి పోవలదని మా అభిప్రాయము. చిన్నచిన్న పయనములలో ఇంజను సరిగా వేడెక్కక లోపల మసి పేరుకొనును. పెట్రోలునందు మఱియొక సంగతి యున్నది. 2025 నాటికి మన పెట్రోలులో నూటికి ఇరువదిపాళ్ళు ఎథనాలు కలియుచున్నది. ఎథనాలు లీటరునకు పెట్రోలుకంటె మూడవవంతు తక్కువ వేడిమి నిచ్చును గనుక, పాత పెట్రోలు కార్ల మైలేజి కొంత తగ్గును.

మమ్ము భయపెట్టినది ఇంధనము గాదు, ఆ డీఎస్జీ పెట్టె. అందు రెండు పొడి క్లచ్చులును, వానిని నడుపు మెకట్రానికు అను భాగమును గలవు. 2013లో ఇట్టి పెట్టెలుగల కార్లను ఆ కంపెనీ లోకమంతట పదునాఱు లక్షల వఱకు వెనుకకు పిలిపించినది. ఆ భాగము చెడిన ఖర్చు లక్ష దాటును. మా ఊర దానిని విప్పగల మెకానిక్కు లేడు, హైదరాబాదునకు లాగించుకొనిపోవలయును. మా ఆడుబిడ్డ ఫీజు ఆ పెట్టె పాలగుట మాకు సమ్మతము గాదు.

డీజిలు నిర్దోషమని యనుకొనరాదు. టీడీఐలో టైమింగు బెల్టు నియమిత కాలమునకు మార్చవలయును. అది తెగినచో వాల్వులు పిస్టనులకు కొట్టుకొని ఇంజను పాడగును. మార్చిన రసీదు లేకున్న, మార్చలేదనియే తలచి ఆ ఖర్చును వెలలో తగ్గించుమని యడుగవలెను. 2015లో అమెరికాలో పొగ పరీక్షల మోసము బయటపడిన పిమ్మట, మన దేశమునను ఆ కంపెనీవారి డీజిలు కార్లు 3,23,700 సరిచేయుటకై పిలువబడినవి. ఆ పని జరిగినదో లేదో బండి నంబరుతో సర్వీసు కేంద్రమున నడిగి తెలిసికొనవచ్చును. ఢిల్లీ ప్రాంతమున పదేండ్లు దాటిన డీజిలు బండ్లపై హరిత న్యాయస్థానము 2015లోను, సుప్రీంకోర్టు 2018లోను ఆంక్షలు విధించుటచే, అచ్చటి కార్లు చౌకగా దక్షిణమునకు రాసాగినవి. వెల చూచి మురియుటకు ముందు, ఎన్.ఓ.సి. తెచ్చుట, తెలంగాణలో లైఫ్ ట్యాక్సు కట్టుట, తిరిగి రిజిస్టరు చేయించుట లెక్కలో వేసికొనుడు.

కాబట్టి మా తీర్పు: తెలంగాణ బండియై, సర్వీసు రసీదులు గల 1.5 టీడీఐ నాలుగు లక్షల ముప్పదివేలకు మించకుండ దొరికినచో కొనవలెను. తక్కిన డెబ్బదివేలును ముట్టరాదు. మఱది ముఖము చిన్నబుచ్చుకొన్నాడు. టీఎస్ఐ తొక్కినప్పుడు వచ్చు ఆ తేలికదనము డీజిలులో లేదనుట నిజమే, దానిని మేమును కాదనలేదు. వచ్చు ఆదివారము మిర్యాలగూడలో ఒక బండిని చూడబోవుచున్నాడు. తెల్లవాఱి, అమ్మువాడు ముందుగా స్టార్టు చేసి వేడెక్కింపక మునుపే పొమ్మని చెప్పితిమి. చల్లని ఇంజను మొదటి పట్టున ఎట్లు లేచునో, పొగ నీలముగా వచ్చునో, టర్బో ఈలవేయునో అప్పుడే తెలియును. ఆర్.సి.లో బ్యాంకు అప్పు ఇంకను వ్రాసియున్నదేమో చూడుమనియు, కొన్న పదునాలుగు దినములలో బీమాను తన పేర మార్పించుకొనుమనియు మా యింటివారు ఒక కాగితముపై వ్రాసి యిచ్చినారు.