సభలో నోరు పెగలాలంటే

మూడు నిమిషాల ప్రసంగం. విషయం 'మా ఊరు'. వేదికనెక్కిన యువకుడు జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాడు. ఉక్కు కర్మాగారంలో పనికోసం తాతగారి కాలాన ఉత్తరాంధ్ర నుంచి వలసవచ్చిన కుటుంబం అతనిది అనుకుందాం. అటువంటి తెలుగు కుటుంబాలు ఆ నగరంలో ఎన్నో ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి సాక్ష్యం. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, పొరుగింట బెంగాలీ. మూడింటిలోనూ కబుర్లు చెప్పి నలుగురినీ నవ్వించగల చతురుడు. అంతటివాడు ఇంగ్లీషులో మొదటి వాక్యం గడగడా అప్పగించి, రెండవ వాక్యం నడుమ ఆగిపోయాడు. ఎదుట కూర్చున్నవారు అతనికి విషయమే తెలియదని తీర్మానించుకున్నారు. ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఇదే జరిగితే ఆ తీర్మానం ఖరీదు ఎంతో వేరే చెప్పనక్కరలేదు.

అతనిలో లోపించినది విషయపరిజ్ఞానం కాదు. కలం చేతబట్టి ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నప్పుడు ఏ భాషలో ఆలోచించాలి, ఏ మాటలు వాడాలి అన్న ఎంపికలోనే పొరపాటు జరిగింది.

వాక్యాన్ని పూర్తిగా తెలుగులో అల్లుకొని, తరువాత ఇంగ్లీషులోకి మార్చబోవడం చాలామంది చేసే పని. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. జంషెడ్‌పూర్ వీధుల్లో వినిపించే తెలుగు, హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో భాషలు వేరువేరు కుటుంబాలకు చెందినవైనా, ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో ఉన్నాయి: క్రియ వాక్యం చివరనే రావాలి. ఇంగ్లీషులో కర్త వెంటనే క్రియ కావాలి. 'నిన్న మా ఇంటికి వచ్చిన మనిషి' అంటూ తెలుగువాడు విశేషణాలన్నీ ముందుగా పేర్చి, మనిషిని చివర నిలబెడతాడు. ఇంగ్లీషువాడు మనిషిని ముందు పిలిచి, అతడెప్పుడు వచ్చాడో ఎక్కడికి వచ్చాడో తరువాత విన్నవిస్తాడు. తెలుగు వాక్యాన్ని తలలో మోస్తూ ఇంగ్లీషు మాట్లాడబోయే వక్త, నోరు తెరిచిన ప్రతిసారీ వాక్యాన్ని తలకిందులు చేయవలసి వస్తుంది. ఇంటి దగ్గర కాగితం మీద ఇది సాధ్యమే. వందమంది చూస్తూండగా, గుండె దడదడలాడుతూండగా సాధ్యం కాదు.

'అయితే ఇంగ్లీషులోనే ఆలోచించు' అని ఉపాధ్యాయులు తరచుగా చెప్పే సలహా. చెప్పడం సులభం. కొత్తగా నేర్చుకుంటున్నవాడు ఇంగ్లీషులోనే ఆలోచించబూనితే, తనకు తెలిసిన కొద్ది మాటలలో ఇమిడే ఆలోచనలే వస్తాయి. తక్కినవన్నీ గుమ్మం బయటే నిలిచిపోతాయి. విషయాన్ని తల్లిభాషలోనే, తృప్తితీరా ఆలోచించడం మేలు. కాగితం మీదికి మాత్రం వాక్యాలు ఎక్కించకూడదు, ఐదారు గుర్తుమాటలు చాలు. ఆ గుర్తులు చూసుకుంటూ ఇంగ్లీషు వాక్యాన్ని అప్పటికప్పుడు, పొట్టిగా కట్టుకోవాలి.

ఇక పెద్ద మాటల మోజు. మన యువకుడు ఏదో గైడు పుస్తకం నుంచి 'జంషెడ్‌పూర్, ది క్రేడిల్ ఆఫ్ ఇండియన్ ఇండస్ట్రియలైజేషన్' అని ఎత్తుకున్నాడు. ఇంగ్లీషు మాటలో ఏదో ఒక అక్షరాన్ని ఊది పలకాలి. ఆ ఊనిక 'ఇండస్ట్రీ'లో మొదటి అక్షరం మీద, 'ఇండస్ట్రియల్'లో రెండవదాని మీద పడుతుంది. తెలుగులో అక్షరాలన్నీ దాదాపు సమానంగా పలుకుతాం కాబట్టి ఈ జారుడు మన చెవికి అలవాటు లేదు. మాట పొడుగైనకొద్దీ జారే అవకాశమూ ఎక్కువ. చిన్న మాటలకు ఆ భయం తక్కువ. పొడుగు మాటలు వాడితే పాండిత్యం కనిపిస్తుందన్న భ్రమ మనవారిలో ఎందుకో గాఢంగా పాతుకుపోయింది. బహుశా పరీక్షల పుణ్యమేమో!

అరువు సరుకుతో సభలో నిలబడితే ఏమవుతుందో గాంధీజీ తన ఆత్మకథలో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. 1891లో లండన్ విడిచి వచ్చేముందు మిత్రులకు విందు ఇచ్చారు. ఆంగ్ల రచయిత ఎడిసన్ పార్లమెంటులో మాట తడబడిన కథ ఒకటి ఎక్కడో చదివి, దానితో హాస్యప్రసంగం చేయదలచారు. కథ దగ్గర మొదలుపెట్టి కథ దగ్గరే ఆగిపోయారు! తడబాటు కథ చెప్పబోయి తామే తడబడ్డారు. 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల ఎదుట, వ్యాపారంలో సత్యం పాటించడం గురించి మాట్లాడారు. అది స్వయంగా మథనపడిన విషయం. తన జీవితంలో తొలి బహిరంగ ప్రసంగమని దానినే పేర్కొన్నారు. రెండేళ్ళలో స్వభావం మారిపోలేదు, బిడియమూ పోలేదు. మారినది సరుకు. 1925లో ఆయన జంషెడ్‌పూర్ వచ్చేనాటికి దేశమంతా ఆయన మాట కోసం చెవి ఒగ్గి ఉన్నది.

ఆ ప్రాంతానికే చెందిన మరొకరు జైపాల్ సింగ్ ముండా. ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవారు, 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు నాయకులు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఇంగ్లీషులోనే మాట్లాడుతూ, తనను తాను 'జంగ్లీ' అని చెప్పుకున్నారు. ఇతరులు తిట్టుగా వాడే మాటను ఏరి తెచ్చుకొని తలపాగాలా ధరించారు. దానికి సరితూగే ఇంగ్లీషు మాట ఆయనకు తెలియక కాదు. అవసరమైన చోట ఇంటిమాటను అలాగే ఉంచడం కూడా వక్త చేసే ఎంపికే.

ఇప్పుడు మన యువకుడు గైడు పుస్తకం మూసి, తాతగారి గురించి అమ్మను అడిగి తెలుసుకున్నాడనుకుందాం. కాగితం మీద నాలుగే గుర్తులు: రైలు, కొలిమి, గుడి, నేను. 'మై గ్రాండ్‌ఫాదర్ కేమ్ హియర్ బై ట్రైన్. హి వర్క్‌డ్ నియర్ ది ఫైర్. హి డిడ్ నాట్ నో ఇంగ్లీష్.' కర్త వెంటనే క్రియ ఉన్నది. ఏ మాటా రెండు మూడు అక్షరాలు దాటలేదు. మూడవ వాక్యం తరువాత అతడు ఒక్క క్షణం ఆగుతాడు. ఈసారి మాట దొరకక కాదు, తాతగారు గుర్తుకు వచ్చి. సభలో ఎవరూ కదలరు.