బీరువా మీద బండి

మా వైపు ఇళ్ళల్లో స్ట్రోలర్ ఎక్కడుంటుందో చెప్పమంటారా? బీరువా మీద. లేదంటే మిద్దె మెట్ల కింద, పాత కూలర్ పక్కన. బిడ్డ పుట్టగానే బెంగుళూరులో ఉండే మేనమామో, హైదరాబాదులో ఉండే పిన్నో ఆన్‌లైన్లో పంపిస్తారు. పెట్టె విప్పి, పిల్లను కూర్చోబెట్టి ఒక ఫోటో తీసి వాళ్ళకు వాట్సాప్‌లో పెడతాం. రెండు రోజులు హాల్లో అటూ ఇటూ తోస్తాం. మూడో రోజు వీధిలోకి తీసుకెళ్ళి, నాలుగిళ్ళు దాటేలోపే వెనక్కి తెస్తాం. అంతే, బండి బీరువా ఎక్కుతుంది. పిల్ల మళ్ళీ చంకెక్కుతుంది.

మా వీధిలో ఒకామె మాత్రం రోజూ వాడుతుంది. పిల్లకు కాదు, నీళ్ళకు. మన మార్కాపురం వైపు బోరు నీళ్ళు, ఫ్లోరైడు సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. తాగే నీళ్ళు కొనుక్కోవాల్సిందే. ఆమె ఇరవై లీటర్ల డబ్బాను స్ట్రోలర్లో పెట్టి, పిల్లను చంకన వేసుకుని ప్లాంటు నుంచి తోసుకొస్తుంది. చూసి నవ్వినవాళ్ళున్నారు. నాకైతే నవ్వు రాలేదు. ఆమె లెక్క సరైనదే. డబ్బా 20 కిలోలు, పిల్ల 9 కిలోలు. పైగా గుంతలో చక్రం పడితే డబ్బా ఉలిక్కిపడి ఏడవదు.

"ఆ బండ్లు మన ఊళ్ళకు పనికిరావమ్మా" అని అందరూ అంటారు. ఎందుకు పనికిరావు అని అడిగేవాళ్ళే కనపడరు. ఎందుకు అడుగుతారు? బండి నడవకపోతే ఆగిపోయే పని ఏదీ లేదు కదా. ఆ పని చెయ్యడానికి తల్లి నడుము ఉంది. ఖర్చు లేకుండా, కిక్కురుమనకుండా దొరికే వాహనం అది. అందుకే ఆ బరువు ఎవరి లెక్కలోకీ రాదు.

నేను బీయే తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఒక మాట చెప్తాను. పసిబిడ్డను పడుకోబెట్టే వస్తువుకు మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. ఉయ్యాల, తొట్టె, ఊయల, డోలిక. అదే బిడ్డతో తల్లి బయటికి వెళ్ళే వస్తువుకు ఏ మాటుంది? ప్రామ్ అంటాం, స్ట్రోలర్ అంటాం, బేబీ ట్రాలీ అంటాం. అన్నీ అరువు మాటలే. బిడ్డ తల్లి ఇంట్లో ఉంటుంది, అవసరమైతే ఎత్తుకుని వెళ్తుంది అనుకున్నవాళ్ళ భాషలో ఆ మాట పుట్టే అవసరం రాలేదు. నేనైతే పిల్లబండి అంటాను. మీకు ఇంకా మంచి మాట దొరికితే చెప్పండి.

ఇక పెద్దవాళ్ళు అనే మాట: "చంకనెత్తుకుంటేనే బిడ్డకు వెచ్చదనం. బండిలో తొయ్యడం దొరసానుల సోకు." వెచ్చదనం సంగతి నేను కాదనను. కానీ వెచ్చదనం వేరు, మోత వేరు. ఏడాది నిండిన బిడ్డ సుమారు 9 కిలోలు తూగుతుంది. ఆ బిడ్డ ఒక చంకన, సంచి ఇంకో చేతిలో, ఎండలో రెండు కిలోమీటర్లు నడవడం ప్రేమకు పరీక్ష కాదు. మూటలు మోసే హమాలీకి తోపుడు బండి ఇస్తే సోమరితనం అనం. సూట్‌కేసులకు చక్రాలు వచ్చి యాభై ఏళ్ళు దాటింది, బట్టల మీద ప్రేమ తగ్గిందని ఎవరూ ఏడవలేదు. తల్లి చేతిలోని బరువు కిందకు దిగితే మాత్రం ప్రేమ తగ్గిపోతుందా?

ఇంకో లెక్క చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు బరువులెత్తొద్దని డాక్టరమ్మ చెప్తుంది. అదే డాక్టరమ్మ ఇచ్చిన టీకా కార్డులో ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల అని ఉంటుంది. ఆ పిల్ల టీకాకు తనంతట తాను నడిచి వెళ్తుందా?

పిల్లబండి చరిత్ర చిత్రంగా ఉంటుంది. ఇంగ్లండులో 1733లో ఒక డ్యూకుగారి పిల్లల కోసం విలియం కెంట్ అనే ఆయన చేసిన బండిని మేకో, పొట్టి గుర్రమో లాగేటట్టు కట్టారు. తల్లి చెయ్యి పెట్టే పనే లేదు. తర్వాత చాలాకాలం అవి బరువైన బండ్లే. 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే ఆయన గొడుగులా ముడుచుకునే, మూడు కిలోలు కూడా తూగని బండి తయారుచేశాడు. ఆయన యుద్ధ విమానాల చక్రాల కాళ్ళకు పనిచేసిన ఇంజనీరు. కూతురు మనవరాలితో విమానం దిగి, బరువైన బండితో అవస్థపడటం చూశాడట. చూడండి, ఆ బండి తేలికైంది ఎప్పుడు? తాతగారి కంటపడ్డప్పుడు. అప్పటిదాకా ఎంతమంది తల్లులు ఆ బరువు ఈడ్చారో!

సరే, మన తల్లులను అడిగితే ఏం మార్చమంటారు? మార్కాపురంలో, కంభంలో, గిద్దలూరులో నాకు తెలిసిన పిల్లల తల్లులను అడిగి చూశాను. అందరి చిట్టా దాదాపు ఒకటే.

మొదటిది చక్రం. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ చక్రాలు మాల్‌లో నున్నటి బండల మీద తిరుగుతాయి. మన వీధిలో కాలువ మీద పరిచిన నాపరాళ్ళ సందులో ఇరుక్కుంటాయి. కూరగాయలమ్మే ఆయన తన తోపుడు బండికి సైకిల్ చక్రాలు ఎందుకు వేసుకున్నాడు? ఆయనకు మన రోడ్డు తెలుసు కాబట్టి. వంకాయలకు దొరికిన చక్రం పసిబిడ్డకు దొరకలేదు.

రెండోది నీడ, గాలి. బండికి ఉన్న గొడుగు పిల్ల నెత్తి వరకే. మన నల్లమల అంచు ఊళ్ళల్లో ఏప్రిల్, మే ఎండలకు అది ఏమూలకు? పైన చీరో తువ్వాలో కప్పుతాం. అలా మూసేస్తే లోపల గాలి ఆడక వేడి ఇంకా పెరుగుతుంది, ఎవరూ ఆ పని చెయ్యొద్దు. గాలి ఆడే పొడవాటి నీడ, దాంతోపాటు ఒక దోమతెర బండితోనే రావాలి.

మూడోది గుడ్డ. నల్లటి నైలాన్ సీటు, లోపల స్పాంజి. గంటలో పిల్ల వీపంతా చెమటకాయలు. విప్పి ఉతికి ఆరేసుకునే నూలు గుడ్డ పెట్టడం అంత కష్టమా?

నాలుగోది ఎత్తు. తేలిక బండ్లలో పిల్ల మన మోకాలి దగ్గర కూర్చుంటుంది. ఆటో పొగ గొట్టం అక్కడే, వీధి కుక్క మూతి అక్కడే, లేచే దుమ్మూ అక్కడే.

ఐదోది మడత. ఒంటి చేత్తో మడవగలగాలి. రెండో చేతిలో పిల్ల ఉంటుంది మరి! మడిచేచోట పసివేళ్ళు పడకుండా మూత ఉండాలి. ఇదేమీ చాదస్తం కాదు. మడతల్లో పిల్లల వేళ్ళు తెగాయని 2009లో అమెరికాలో దాదాపు 10 లక్షల బండ్లను వెనక్కి రప్పించాల్సి వచ్చింది.

ఆరోది సంచి. బజారుకు పోయిన తల్లి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. పిడికి తగిలిస్తే, పిల్లను ఎత్తుకోగానే బండి వెనక్కి బోల్తా. సీటు కింద గట్టి బుట్ట కావాలి.

ఈ ఆరూ కంపెనీవాళ్ళు సరిచేశారనే అనుకుందాం. బండి బీరువా దిగుతుందా? దిగి ఎక్కడికి పోతుంది? రోడ్డు అంచున బైకులు, షాపు ముందు మెట్టు, ఆసుపత్రి ముందు మెట్లు, బ్యాంకు ముందు మెట్లు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. సంతోషం. పెద్దాసుపత్రి పని మీద మార్కాపురం నుంచి ఒంగోలు పోవాలంటే దాదాపు వంద కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి ఇంకా ఎక్కువ. డబ్బు మిగులుతుంది. కానీ ఆ ఎత్తు మెట్లు ఎక్కడానికి ఒక చెయ్యి కమ్మీకి, ఒక చెయ్యి పిల్లకు, ఒక చెయ్యి సంచికి, ఒక చెయ్యి మడిచిన బండికి కావాలి. దేవతలకు నాలుగు చేతులు ఎందుకు పెట్టారో అక్కడ అర్థమవుతుంది.

చట్టం లేదనుకోకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రజలు వాడే భవనాలన్నిటికీ ర్యాంపులాంటి వసతులు ఉండాలంది. పాత భవనాలను మార్చుకోవడానికి నిబంధనలు వచ్చిన రోజు నుంచి ఐదేళ్ళు గడువిచ్చింది. నిబంధనలు 2017లో వచ్చాయి. గడువు ఎప్పుడో దాటింది. చక్రాల కుర్చీకి వేసిన వాలు మీద పిల్లబండీ ఎక్కుతుంది, మోకాళ్ళ నొప్పుల అత్తగారూ ఎక్కుతుంది. ఒక్క వాలుతో ముగ్గురికి దారి.

మనకు దారి చెయ్యడం చేతకాదా? మార్కాపురం చెన్నకేశవస్వామి రథం కదిలే రోజు చూడండి. అడ్డం తీస్తారు, జనాన్ని పక్కకు జరుపుతారు, చక్రం ఎక్కడ పడుతుందో చూసుకుంటూ ఊరంతా చెయ్యేస్తుంది. సంవత్సరానికి ఒకరోజు స్వామి చక్రానికి చేసే ఆలోచనలో వందోవంతు రోజూ తిరగాల్సిన చిన్న చక్రానికి చేస్తే చాలు.

"ఇది డబ్బున్నవాళ్ళ గొడవ, కూలికి పోయే తల్లికి స్ట్రోలర్ ఎందుకు?" అనేవాళ్ళూ ఉన్నారు. అసలు అవసరం ఆమెదే. రోజంతా పలకల ఫ్యాక్టరీలోనో మిరప చేలోనో వంగి పనిచేసి వచ్చిన నడుము మీదే మళ్ళీ పిల్ల బరువు. 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. 4,500 పెట్టి బండి కొనాలంటే పదిహేను రోజుల కూలి. అందుకే అందరూ కొనాలని నేననను. ఆసుపత్రిలో చక్రాల కుర్చీలు ఉన్నట్టే నాలుగు పిల్లబండ్లూ ఉంచండి. రైల్వే స్టేషన్లో, గుడి దగ్గర ఉంచండి. పిల్లలు నడక నేర్చుకోవడానికి మూడు చక్రాల కొయ్య బండి చేసిన వడ్రంగులు మన ఊళ్ళల్లోనే ఉన్నారు, వెల్డింగ్ షాపులున్నాయి. సైకిల్ చక్రాలతో గట్టి బండి చెయ్యమంటే చెయ్యలేరా? చేసేటప్పుడు బ్రేకు, నడుం పట్టీ, భుజాల పట్టీలు మాత్రం మరవకూడదు.

అన్నట్టు, మనం ఏ చక్రాలను ఇంట్లోకి రానిచ్చామో కూడా చూడండి. పిల్లను నిలబెట్టే వాకర్ దాదాపు ప్రతి ఇంట్లో ఉంది. మెట్ల మీద నుంచి దొర్లి పిల్లలు దెబ్బలు తింటున్నారని కెనడా 2004లోనే వాకర్ల అమ్మకం నిషేధించింది. మనకు మాత్రం అదే ముద్దు. ఎందుకంటే వాకర్‌లో పిల్ల ఉంటే తల్లి వంట చేసుకోవచ్చు. స్ట్రోలర్‌లో పిల్ల ఉంటే తల్లి బయటికి పోవచ్చు. ఏది ఇంట్లో తిరుగుతోంది, ఏది బీరువా మీదుంది?

చివరగా మగవాళ్ళ మాట. పిల్లను చంకనేసుకుని బజారులో నడవడానికి సిగ్గుపడే తండ్రి బండి పిడి పట్టుకోవడానికి సిగ్గుపడడు. అమెరికాలో, బెంగుళూరులో పిల్లబండ్లు తోస్తున్నది మన అల్లుళ్ళే, మన కొడుకులే. వాళ్ళే సంక్రాంతికి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగగానే పిల్లను భార్య చంకకు అందించి ఫోను తీస్తారు. అక్కడ తోసిన చేతికి ఇక్కడ ఏమొచ్చింది? దారి లేదన్నది సగం కారణం. "నా కొడుకు చేత బండి తోయిస్తోంది" అని మనలోనే ఒకరు మూతి తిప్పుతారన్నది మిగతా సగం. ఆ సగం బాగుచెయ్యడానికి ఏ మునిసిపాలిటీ అక్కర్లేదు.

కాబట్టి అమ్మలూ, ఈసారి బారసాలకు స్ట్రోలర్ కొనేముందు ఒక పని చెయ్యండి. ఆ ఇంటి గుమ్మం నుంచి టీకా వేసే చోటు దాకా నడవండి. ఎన్ని మెట్లు, ఎన్ని గుంతలు, ఎక్కడ కాలువ పలక లేచిందో కాగితం మీద రాయండి. సోమవారం అర్జీలు తీసుకుంటారు. పదిమంది సంతకాలు పెట్టి ఇవ్వండి. "రోడ్లు బాగుచెయ్యండి" అని రాస్తే చెత్తబుట్టలోకి పోతుంది. "ఫలానా గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి, పక్కన వాలు కట్టండి" అని రాయండి. తీసుకున్నట్టు రసీదు అడిగి తెచ్చుకోండి. నెలకు కదలకపోతే మళ్ళీ వెళ్ళండి. ఈసారి పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. ఆ ఆఫీసు మెట్ల దగ్గర బండ్లు వరసగా ఆగితే, ఎందుకు ఆగాయో వాళ్ళే చూస్తారు.