క్లబ్‌ వారి రక్తదాన శిబిరం: ఆ ఫొటో తర్వాత ఏం జరుగుతుంది?

మీ అపార్ట్‌మెంట్‌ గ్రూపులోనో, కాలనీ గ్రూపులోనో ఇలాంటి పోస్టు ఈపాటికి చూసే ఉంటారు. పైన క్లబ్‌ గుర్తు, కింద అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఫొటోలు, మధ్యలో పెద్ద అక్షరాలతో ‘ఆదివారం ఉదయం 9 గంటలకు మెగా రక్తదాన శిబిరం’. వారం తిరిగేసరికి రెండో పోస్టు. ఇన్ని యూనిట్లు సేకరించాం, దాతలకు సర్టిఫికెట్లు ఇచ్చాం, ముఖ్య అతిథిని శాలువాతో సత్కరించాం. దాని వెనకే ప్రభుత్వ పాఠశాలలో నోటుపుస్తకాల పంపిణీ, వృద్ధాశ్రమంలో అన్నదానం, రోడ్డు పక్కన మొక్కలు నాటడం. రోటరీ కావచ్చు, లయన్స్‌ కావచ్చు, వాసవీ క్లబ్‌ కావచ్చు. మన ఊళ్లలో సేవా క్లబ్బుల వారం వార్తలు దాదాపు ఇలాగే ఉంటాయి.

ఈ జాబితాలో మిగతావాటికీ రక్తదానానికీ ఒక తేడా ఉంది. నోటుపుస్తకం పిల్లాడి చేతికి చేరితే ఆ పని అయిపోయినట్టే. రక్తం సంచిలోకి చేరాకే అసలు పని మొదలవుతుంది. పైగా దానికి గడువు తేదీ ఉంటుంది. ‘ఎన్ని యూనిట్లు’ అన్న అంకె ఆ గడువు గురించి ఏమీ చెప్పదు. మీరు దాతగా వెళ్లేవారైనా, రేపెప్పుడో రక్తం కోసం పరుగెత్తాల్సి వచ్చేవారైనా, ఆ అంకె వెనక ఏముందో తెలుసుకోవడం మంచిది.

క్లబ్‌ పని ఏది, బ్లడ్‌ సెంటర్‌ పని ఏది?

శిబిరం క్లబ్‌ పేరుతో జరిగినా రక్తం తీసేది క్లబ్‌ కాదు. ఆ అధికారం లైసెన్సు ఉన్న బ్లడ్‌ సెంటర్‌దే (మనం ఇప్పటికీ బ్లడ్‌ బ్యాంక్‌ అనే అంటాం కానీ 2020లో నిబంధనల్లో పేరు మారింది). శిబిరం ఎవరు పెట్టవచ్చో కూడా చట్టంలోనే ఉంది. ప్రాంతీయ రక్తమార్పిడి కేంద్రం, ప్రభుత్వ బ్లడ్‌ సెంటర్‌, ఇండియన్‌ రెడ్‌క్రాస్‌ సొసైటీ, రాష్ట్ర రక్తమార్పిడి మండలి గుర్తింపు ఉన్న స్వచ్ఛంద లేదా ధార్మిక సంస్థ నడిపే బ్లడ్‌ సెంటర్‌, ఈ నాలుగే. లాభాపేక్షతో నడిచే ప్రైవేటు ఆసుపత్రి తన సొంత బ్లడ్‌ సెంటర్‌ తరఫున మీ కమ్యూనిటీ హాల్లో మంచాలు వేసేయడానికి ఈ జాబితాలో చోటు లేదు.

మరి క్లబ్‌ చేసేదేమిటి? దాతలను పోగేయడం, హాలు మాట్లాడటం, టిఫిను, జ్యూసు చూసుకోవడం, ప్రచారం చేయడం. చిన్నపని అనుకోకండి. ఇంటింటికీ తిరిగి దాతలను పిలిచే సిబ్బంది ప్రభుత్వ బ్లడ్‌ సెంటర్లకు ఎక్కడ ఉంటారు? ఆ ఖాళీని క్లబ్బులు, కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్‌ విభాగాలు, అభిమాన సంఘాలు పూడుస్తున్నాయి. 1996లో కామన్‌ కాజ్‌ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తం ఇచ్చే వృత్తి దాతల పద్ధతి దేశంలో నిషేధంలోకి వచ్చింది. అప్పటి నుంచి రక్తం రావాల్సింది మీలాంటి, నాలాంటి వాళ్ల నుంచే. చిరంజీవి బ్లడ్‌ బ్యాంక్‌ హైదరాబాద్‌లో మొదలైందీ అదే ఏడాది అక్టోబరు 2న.

ఆగస్టు 15 శిబిరం లెక్క చూద్దాం

ఒక కాలనీలో స్వాతంత్య్ర దినోత్సవం నాడు రెండు వందల మంది రక్తం ఇచ్చారనుకుందాం. ఇది ఉదాహరణ మాత్రమే. ఆ సంచులు కొద్ది గంటల్లోనే బ్లడ్‌ సెంటర్‌కు చేరాలి. అక్కడ హెచ్‌ఐవీ, హెపటైటిస్‌ బీ, హెపటైటిస్‌ సీ, సిఫిలిస్‌, మలేరియా పరీక్షలు చేస్తారు. కాంపోనెంట్లు విడదీసే వసతి ఉన్నచోట ఒక్కో సంచిని ఎర్ర రక్తకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా వేరు చేస్తారు. ఒక్క సంచి ఇద్దరు ముగ్గురికి ఉపయోగపడుతుందనేది అందుకే.

ఇప్పుడు గడువులు. ప్లేట్‌లెట్లు నిలవ ఉండేది 5 రోజులే. అంటే ఆగస్టు 20 దాటితే పనికిరావు. ఎర్ర రక్తకణాలు సంచిలో వాడిన ద్రావణాన్ని బట్టి 35 లేదా 42 రోజులు. సెప్టెంబరు 19కో, 26కో వాటి గడువూ తీరిపోతుంది. గడ్డకట్టించిన ప్లాస్మా ఒక్కటే ఏడాది వరకు ఉంటుంది.

దాతల సంగతి? పురుషులు మళ్లీ ఇవ్వాలంటే 90 రోజులు ఆగాలి. స్త్రీలు 120 రోజులు. అంటే ఆ రెండు వందల మందిలో పురుషులు నవంబరు 13 వరకు, స్త్రీలు డిసెంబరు 13 వరకు దాతల జాబితాలో లేనట్టే. మన దగ్గర డెంగీ ముదిరేది సరిగ్గా ఆ మధ్య నెలల్లోనే. వర్షాలు పడి, దోమలు పెరిగి, ప్లేట్‌లెట్ల కోసం ఆసుపత్రుల ముందు బంధువులు ఫోన్లు పట్టుకుని తిరిగే సెప్టెంబరు, అక్టోబరు రోజుల్లో, ఆ కాలనీలో ఇవ్వాలనే మనసున్న వాళ్లంతా ఒకేసారి ‘నేను మొన్ననే ఇచ్చానండీ’ అనాల్సి వస్తుంది.

తప్పు ఇచ్చినవారిది కాదు. శిబిరం తేదీని నిర్ణయించేది క్లబ్‌ క్యాలెండరు, రోగుల క్యాలెండరు కాదు. రోటరీ, లయన్స్‌ రెండింటికీ సేవా సంవత్సరం జులై 1న మొదలై జూన్‌ 30తో ముగుస్తుంది. కొత్త కార్యవర్గం ప్రమాణం చేయగానే ఓ పెద్ద కార్యక్రమం కావాలి. గవర్నర్‌ గారు పర్యటనకు వచ్చే రోజున ఇంకోటి కావాలి. ఆపైన ఆగస్టు 15, అక్టోబరు 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినోత్సవం, మర్నాడే గాంధీ జయంతి, మధ్యమధ్య నాయకుల, హీరోల పుట్టినరోజులు. అదే మే నెలలో చూడండి. కాలేజీలకు సెలవులు, ఎండలు, పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు. శిబిరాలు పలచబడతాయి, నిల్వలూ పలచబడతాయి.

తలసీమియా ఉన్న పిల్లలకు మాత్రం మే అయినా ఆగస్టు అయినా ఒకటే. రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. తేదీ జరిగితే హిమోగ్లోబిన్‌ పడిపోతుంది, బిడ్డ నీరసించిపోతుంది. హైదరాబాద్‌లో తలసీమియా అండ్‌ సికిల్‌సెల్‌ సొసైటీ 1998 నుంచి ఈ పిల్లల కోసం పనిచేస్తోంది. అలాంటి చోట కావాల్సింది ఒక్క రోజున రెండు వందల సంచులు కాదు, ప్రతి వారం కొన్ని.

నిల్వ లేకపోతే ఆ భారం ఎవరి మీద పడుతుందో మీకు తెలిసే ఉంటుంది. ‘మీ పేషెంట్‌కు రక్తం కావాలి, బదులుగా ఇద్దరు డోనర్లను తెచ్చుకోండి’ అని కౌంటర్‌లో చెబుతారు. 2002 నాటి జాతీయ రక్త విధానం ఈ బదులు దాతల పద్ధతిని క్రమంగా మాన్పించాలని చెప్పింది. ఇరవై ఏళ్లు దాటినా అది మానలేదు. రాత్రి పదకొండింటికి మీ ఫోన్‌కు వచ్చే ‘అర్జెంట్‌, ఓ నెగెటివ్‌’ మెసేజ్‌ పుట్టేది అక్కడే.

ఉచితంగా ఇస్తే అమ్ముకుంటున్నారా?

క్లబ్‌ సభ్యులను దాతలు ఎక్కువగా నిలదీసే ప్రశ్న ఇది. రక్తానికి ధర లేదు. అమ్మడం నేరం. అయితే పరీక్షలు, సంచి, నిల్వ, కాంపోనెంట్లు విడదీయడం వంటి వాటికి ఖర్చు ఉంటుంది. ఆ ప్రాసెసింగ్‌ చార్జీకి జాతీయ రక్తమార్పిడి మండలి గరిష్ఠ పరిమితి పెట్టింది. 2022లో సవరించిన ప్రకారం, పూర్తి రక్తానికి గానీ ఎర్ర రక్తకణాలకు గానీ యూనిట్‌కు ప్రభుత్వ కేంద్రాల్లో రూ.1,100, ప్రైవేటులో రూ.1,550. ప్లాస్మా, ప్లేట్‌లెట్లకు ప్రభుత్వంలో రూ.300, ప్రైవేటులో రూ.400. అదనపు పరీక్షలు చేస్తే వాటికి వేరుగా వేస్తారు. 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ, రక్తం అమ్మకానికి కాదని, ప్రాసెసింగ్‌ చార్జీ తప్ప మరేదీ తీసుకోకూడదని మరోసారి రాష్ట్రాలకు రాసింది. తలసీమియా, సికిల్‌సెల్‌, హిమోఫిలియా వంటి జబ్బులతో పదేపదే రక్తం ఎక్కించుకునేవారికి ఈ చార్జీ కూడా ఉండకూడదు.

బిల్లులో ‘బ్లడ్‌ చార్జెస్‌’ అని ఒకే ముక్కగా పెద్ద మొత్తం కనిపిస్తే విడివిడిగా రాసివ్వమని అడగండి. అడిగితేనే తేలే విషయం అది.

దాతకు ఇచ్చే కార్డు గురించి కూడా ఒక మాట. ఆ కార్డు చూపిస్తే ఎక్కడైనా, ఎప్పుడైనా ఉచితంగా రక్తం ఇస్తారనే నమ్మకం చాలామందిలో ఉంది. అది ఆ కార్డు ఇచ్చిన బ్లడ్‌ సెంటర్‌ పద్ధతిని బట్టి ఉంటుంది. బదులు దాతను అడగకపోవచ్చు, ప్రాసెసింగ్‌ చార్జీ మాత్రం తీసుకోవచ్చు. కార్డు జేబులో పెట్టుకునే ముందే, ఇది ఎన్నాళ్లు చెల్లుతుంది, ఎవరికి చెల్లుతుంది అని అడిగేయడం నయం.

ఇక బహుమతులు. స్వచ్ఛంద దానమంటే డబ్బు గానీ వస్తువు గానీ ఆశించకుండా ఇచ్చేది. టీ, బిస్కెట్లు, సర్టిఫికెట్‌, చిన్న జ్ఞాపిక వరకు ఇబ్బంది లేదు. ‘రక్తం ఇస్తే హెల్మెట్‌, కుక్కర్‌’ అని పోస్టర్‌ మీదే వేస్తే అది వేరే దారి. కుక్కర్‌ కోసం వచ్చినవాడు మొన్నటి జ్వరం సంగతి, వాడుతున్న మందుల సంగతి దాచేస్తాడు. నష్టపోయేది ఆ రక్తం ఎక్కించుకునేవారు. పరీక్షల్లోనూ ఒక చిక్కుంది. ఇన్‌ఫెక్షన్‌ సోకిన తొలి రోజుల్లో పరీక్షకు అది దొరకకపోవచ్చు. అందుకే మీరు నింపే ఫారంలోని జవాబులు ల్యాబ్‌ పరీక్షలంత ముఖ్యం. హెచ్‌ఐవీ ఉందో లేదో ఉచితంగా తెలుస్తుందని శిబిరానికి వెళ్లకండి. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఐసీటీసీలు ఉన్నాయి. అక్కడా పరీక్ష ఉచితమే, గోప్యంగా ఉంచుతారు.

ఈ ఆదివారం వెళ్తున్నారా?

వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి. మొదటిసారి ఇస్తున్నవారికి పైపరిమితి 60 ఏళ్లు. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్‌ 12.5 గ్రాములు ఉండాలి. తీసేది 350 మి.లీ., బరువు 55 కిలోలు దాటితే 450 మి.లీ. కూడా తీయవచ్చు. పరగడుపున వెళ్లొద్దు. హిమోగ్లోబిన్‌ చూడకుండా, బీపీ చూడకుండా, వైద్యుడు లేకుండా నేరుగా మంచం ఎక్కిస్తుంటే వెనక్కి వచ్చేయండి. మొహమాటపడాల్సిన పనేం లేదు.

నిర్వాహకులను అడగాల్సింది ముఖ్యంగా ఒకటుంది. ఏ బ్లడ్‌ సెంటర్‌ వస్తోంది, అక్కడ కాంపోనెంట్లు విడదీసే వసతి ఉందా? లేకపోతే మీ సంచి నుంచి ప్లేట్‌లెట్లు రావు. మీది నెగెటివ్‌ గ్రూపైతే శిబిరంలో తొందరపడకుండా, ఇప్పుడు అవసరం ఉందా లేక పిలిచినప్పుడు రమ్మంటారా అని ఆ బ్లడ్‌ సెంటర్‌నే అడగడం మేలని నా అభిప్రాయం. ఏ జిల్లాలో, ఏ కేంద్రంలో, ఏ గ్రూపు ఎంత నిల్వ ఉందో కేంద్ర ప్రభుత్వ ఈ-రక్తకోశ్‌ పోర్టల్‌లో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. అక్కడి లెక్క ఒక్కోసారి వెనకబడి ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందు ఫోన్‌ చేసి నిర్ధారించుకోండి.

ఇదే క్లబ్బులు పెట్టే కంటి శిబిరాలకూ ‘తర్వాత ఏంటి’ అన్న ప్రశ్న వర్తిస్తుంది. లయన్స్‌కు కంటి సేవ 1925 నుంచి వస్తున్న బాధ్యత. అమెరికాలో జరిగిన వారి సమావేశంలో హెలెన్‌ కెల్లర్‌ అడిగితే తలకెత్తుకున్నారు. మన దగ్గర ఉచిత శుక్లాల ఆపరేషన్‌ పూర్తిగా క్లబ్‌ ఖర్చే అనుకోనక్కర్లేదు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద స్వచ్ఛంద సంస్థల ఆసుపత్రులకు ఒక్కో ఆపరేషన్‌కు రూ.2,000 వరకు ప్రభుత్వం చెల్లిస్తుంది. మీ అమ్మగారినో, వాచ్‌మన్‌ గారినో తీసుకెళ్తే, పరీక్ష హాల్లో జరిగినా ఆపరేషన్‌ ఏ ఆసుపత్రిలో, మర్నాడు కట్టు విప్పేదెవరు, వారం తర్వాత కన్ను ఎర్రబడితే ఏ నంబరుకు చేయాలి అన్నవి కాగితం మీద రాయించుకోండి. 2014లో పంజాబ్‌లోని గురుదాస్‌పూర్‌ జిల్లాలో ఒక ఉచిత శిబిరంలో ఆపరేషన్‌ చేయించుకున్న పలువురు చూపు కోల్పోయారు.

మీరే క్లబ్‌ సభ్యులైతే తేదీల సంగతి మీ చేతుల్లోనే ఉంది. దాతలు రెండు వందల మంది ఉంటే ఒకే రోజు మంచం ఎక్కించకుండా, నెలకు యాభై మంది చొప్పున నాలుగు గుంపులుగా విడదీయవచ్చు. నాలుగో గుంపు ఇచ్చేసరికి మొదటి గుంపులోని పురుషులు మళ్లీ ఇవ్వడానికి సిద్ధంగా ఉంటారు. వారం నివేదికలో అంకె చిన్నదవుతుంది, శాలువాలు తగ్గుతాయి. వచ్చే మే నెలకు ఒక తేదీ ఇప్పుడే అడగమని మీ దగ్గర్లోని ప్రభుత్వ బ్లడ్‌ సెంటర్‌కు కార్యదర్శి ఒక ఉత్తరం రాస్తే చాలు. ఆ నెలలో వాళ్లకు అలా అడిగేవాళ్లు తక్కువ.