జైలు ఉద్యోగానికి మాక్ ఇంటర్వ్యూ

గ్రూప్-1 ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతున్న మా సీనియర్ అన్న ఒకరు మొన్న హాస్టల్‌కొచ్చి మాచేత మాక్ ఇంటర్వ్యూ పెట్టించుకున్నాడు. ప్రిఫరెన్సుల్లో జైళ్ల డిప్యూటీ సూపరింటెండెంట్ పోస్టు కూడా పెట్టాడట. "బీటెక్ చదివి జైలుకెందుకు బాబూ?" అనడిగి మేమే పడీ పడీ నవ్వాం.

"ఖైదీలతో ఎలా ఉంటారు?" అంటే, "స్ట్రిక్ట్‌గా సార్, నేరస్తులకి భయం ఉండాలి" అన్నాడు. భలే చెప్పాడని తలలూపాం.

రాత్రి లెక్కలు చూస్తే నాకే సిగ్గేసింది. ఎన్‌సీఆర్‌బీ 2022 నివేదిక ప్రకారం మన దేశపు జైళ్లలో దాదాపు 76 శాతం మంది విచారణ ఖైదీలు. అంటే కోర్టు ఇంకా నేరం తేల్చనివాళ్లు. బెయిలొచ్చినా జామీను ఇచ్చే దిక్కులేక లోపలే ఉండిపోయినవాళ్లూ అందులో ఉంటారు. వీళ్లందర్నీ గంపగుత్తగా నేరస్తులనేవాడు ఆ కుర్చీకి పనికిరాడని నా అభిప్రాయం.

జైల్లో ఉన్నంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. కులాన్ని బట్టి ఖైదీలకి పనులు పంచడం రాజ్యాంగ విరుద్ధమని మాత్రం 2024 అక్టోబరులో చెప్పాల్సొచ్చింది. ఊడ్చేది ఎవరు, వండేది ఎవరు అన్నది కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో అప్పటిదాకా కులం లెక్కనే రాసుంది మరి! టై ముడికీ, కూర్చునే తీరుకీ వారం పెట్టాం. ఈ రెండు తీర్పులకి ఒక సాయంత్రం పెట్టలేమా?

ఇదంతా చెప్తే, "బోర్డు నన్ను మెతకవాడనుకుంటే?" అన్నాడన్న. ఖైదీ దగ్గర సెల్‌ఫోన్ దొరికితే రూల్ ప్రకారం చర్య తీసుకుంటానని గట్టిగా చెప్పు, చెయ్యి చేసుకుంటానని మాత్రం చెప్పకు అన్నాను.

ఆదివారం మళ్లీ మాక్ పెట్టుకుంటున్నాం.